మగ్గం అతడట

కొత్తవాడల మా జంఖానా మగ్గం ముంగట
ఇద్దరం ఒక్క పలక మీద కూసుంటం.
ఆయన ఎడమకు, నేను కుడికి.
ఆడ గూడ గట్లనే కూసున్నం ఎనిమిది నెలలు,
చిన్నపిల్లల బల్ల మీద, మోకాళ్లు పట్టక.

నేత నేర్పనీకె పిలిచిండ్రు మమ్ముల.
నేర్పాలంటె ముందు మీరు నేర్వాలన్నరు.
పొద్దున ఫ్రెంచి, మాపటికి మగ్గం.
రొట్టెల దుకానం మీద అర్ర మాది,
తెల్లారకముందే గోడ వెచ్చగయ్యేది.
ఆ గోడకు వీపానిచ్చి
ఆయన నాకు, నేను ఆయనకు
పాఠం అప్పజెప్పుకున్నం.

ర నాకు రాలే.
వాళ్ల ర నాలిక మీదుండదు,
గొంతుల చేపముల్లు లెక్క ఇరుక్కుంటది.
మా పంతులమ్మకేమో హ రాలే.
హనుమకొండ అనుమంటె
అనుమకొండ అన్నది.
మా అమ్మమ్మ అట్లనే అనేది,
చౌరస్తల గంప దించి
అన్మకొండ బస్సు పోయిందా బిడ్డా అని.
బయట మంచు పడ్తున్నది.
నాకు ఏడుపెందుకొచ్చిందో ఆమెకు చెప్పాలె,
నా తాన ఉన్నయేమో
వాన మాటలు, రొట్టె మాటలు, అంతే.

ఎనభైని నాలుగిరువైలంటరు ఆడ.
మా అత్త మామిడికాయలు గట్లనే లెక్కవెడ్తదని చెప్తె
తరగతంత నవ్వింది.
అత్తకు చెప్తె మాత్రం నవ్వలే.
మరెట్ల లెక్కవెడ్తరు, అన్నది.

ఇగ వస్తువులకు ఆడమగ.
కుర్చీ ఆమె. కిటికీ ఆమె.
మంచం అతడు, ఎందుకంటె చెప్పేటోళ్లు లేరు.
మన తాన నేనూ అదే, అటుకూ అదే,
ఏ తకరారు లేకుండె.
మగ్గం అతడట.
పడుగు ఆమె, పేక ఆమె, నాడె గూడ ఆమె.
ఉరికేది మేము, నిలవడేది మీరు
అని నేను నవ్విన.
మగ్గమన్న ఆ మాటకే
బతుకుదెరువని గూడ అర్థమున్నదట.
అది విన్నంక ఆయన శానసేపు మాట్లాడలే.
భీవండి మిల్లుల్ల కలిసిపోయిన అన్న
యాదికొచ్చిండేమో.
అడగలే.

నువ్వు అనాల్నంటె తూ అనాలె.
మొగని మొకం మీద తూ అని ఎట్లంట?
రెండు దినాలు నోరు తెరవలే.
మూడోనాడు పంతులమ్మ నన్నే లేపింది,
నీ పక్కనున్నతని పేరేంది, చెప్పు అని.

పెండ్లయి పందొమ్మిదేండ్లు.
గడప కాడ ఆడిబిడ్డలు అడ్డం నిలవడి
పేరు చెప్తెనే లోపలికి అన్ననాడు
ఒక్కసారి అన్న, అది గూడ గొణుగుడే.
మల్ల ఇగో, వినవడ్తుందా, పిలగాని నాయిన,
ఇట్లనే గడిచింది.

ఇల్ సాపెల్ సదానందం, అన్న.

ర లేని పేరు, ముల్లు గుచ్చలే.
ఆయన పుస్తకంల తలకాయ వెట్టిండు,
చెవులు మాత్రం ఎర్రగున్నయి.
బాగున్నది, ఇంకోసారి, అన్నది పంతులమ్మ.
ఇంకోసారన్న.

వచ్చి రెండేండ్లయింది.
రంగు తేలని నూలు ఉతుకుతుంటె పోయినట్టు
మాటలు పోతున్నయి.
మొదాలు జరిగిపోయిన కాలం పోయింది,
తర్వాత కూరగాయలు.
సేటు ధర తెంపుతుంటె మాత్రం
ఒద్దు, తక్కువ, అని
మేమిద్దరం వాళ్ల బాసల గొణుక్కుంటం.
సేటు భయపడి
జంఖానాకు పది రూపాయలు ఎక్కిస్తడు.
ఫ్రెంచితోటి మాకొచ్చిన లాభం గిదే
అంటడు ఆయన.

మొన్న రేషన్ దుకాన్ల
మిషన్ నా వేలు పట్టలే, నూలు గీసి గీసి అరిగింది.
ఇంటాయన పేరు చెప్పమ్మా, రాస్కుంట, అన్నడు డీలరు.
వెనక ఇరవై మంది సంచులు వట్టుకోని నిలవడ్డరు.
తెలుగుల నోరు రాలే.
ఇల్ సాపెల్ సదానందం, అన్న.

ఇంట్ల చాపలా?
జంఖానాలు ఇడిసిపెట్టి చాపలెప్పటి సంది అల్తున్నరు,
అనుకుంట రాసిండు.

పేరు మాత్రం సరిగ్గనే రాసిండు.